ఒకే కర్ర, రెండు సెక్షన్లు

(పోలీసు స్టేషన్‌లో పదకొండేళ్లు రైటర్‌గా పనిచేసి ఏఎస్సైగా రిటైరైన మా కాలమిస్టు, రాజకీయాలూ కేసుల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: ఫ్లెక్సీ చించారన్న గొడవలో రెండు పార్టీల కుర్రాళ్లూ కొట్టుకున్నారు. మా తమ్ముడి తల పగిలింది. పొద్దున పదింటికే ఫిర్యాదు ఇచ్చాం. “కాగితం ఇచ్చి వెళ్లండి, పిలుస్తాం” అన్నారు. సాయంత్రం అధికార పార్టీ వాళ్లు వస్తే అరగంటలో ఎఫ్ఐఆర్ అయిపోయింది. అందులో మా తమ్ముడే ఏ1, అంటే మొదటి నిందితుడు. ఇదేం న్యాయం?
- ఒక అక్క

జవాబు: అమ్మా, ముందు ఇది చెప్పండి. తమ్ముడికి కుట్లు ఎక్కడ వేయించారు? ప్రభుత్వాసుపత్రిలో అయితే సగం పని అయినట్టే. కొట్లాట గాయంతో ఎవరొచ్చినా డ్యూటీ డాక్టరు ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టర్‌లో టైము వేస్తారు, స్టేషన్‌కు ఇంటిమేషన్ పంపుతారు. ఆ టైము మావాళ్ల చేతిలో ఉండదు. దాని కాపీ తీసుకోండి.

పక్షపాతం అనగానే జనానికి లాఠీ గుర్తొస్తుంది. నేను కలం పట్టినవాణ్ని. నాకు మాత్రం ఎఫ్ఐఆర్ ఫారంలోని గళ్లు గుర్తొస్తాయి. సమాచారం ఎన్నింటికి అందింది, ఏ సెక్షన్, నిందితుల్లో ముందు ఎవరు. ఈ మూడు గళ్లు నింపడంలోనే చాలా కేసుల తలరాత తేలిపోతుంది.

సెక్షన్ సంగతి చూడండి. భారతీయ న్యాయ సంహితలో మామూలుగా గాయపరిస్తే 115(2), ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే 118(1), చంపాలనే కొట్టాడంటే 109. మొదటిది నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు. “ఇది మా పరిధి కాదు, కోర్టుకు వెళ్లండి” అని మర్యాదగా పంపించేయొచ్చు. చివరిదేమో గాయం కూడా అయివుంటే యావజ్జీవం దాకా పోయే కేసు. ఒకే కర్ర మీ తమ్ముడి నెత్తిన పడితే 115(2), అవతలివాడి భుజాన పడితే 109. నా రోజుల్లో, పాత ఐపీసీలో, ఈ రెండింటి నంబర్లు 323, 307. నంబర్లు మారాయి గానీ కర్ర అదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. స్టేషన్‌లో కట్టకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు పారేయొద్దు. అక్కడా కదలకపోతే ఆ రసీదూ ఒక అఫిడవిట్టూ పెట్టి మేజిస్ట్రేటు దగ్గర 175(3) కింద దరఖాస్తు వేయించండి. లాయరుకు ఇది రోజూ చేసే పనే.

ఇంకొకటి. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగు 18 నెలలు ఉంచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పదింటికి మీరు స్టేషన్ బెంచీ మీద కూర్చున్న దృశ్యం కావాలని ఆర్టీఐ కింద అడగండి. “ఆ రోజు కెమెరా పనిచేయలేదు” అని జవాబొచ్చినా మంచిదే, అదీ సంతకంతోనే వస్తుంది.

అవతలివాళ్ల కేసు కొట్టేయమని మాత్రం అడగకండి. కొట్లాటలో కేసు, కౌంటర్ కేసు రెండూ ఉండొచ్చు. ఒకటే ఉండటం మీద మీ పోరాటం.

ప్రశ్న: పోలీసులకు పార్టీ ఉంటుందా? నిజం చెప్పండి.
- ఒక ఆటో డ్రైవర్

జవాబు: ఉద్యోగంలో చేరిన రోజు ఉండదన్నా. పోస్టింగ్ అడిగిన రోజు మొదలవుతుంది.

లా అండ్ ఆర్డర్ స్టేషన్ వేరు, లూప్‌లైన్ అనే ప్రాధాన్యం లేని పోస్టు వేరు. వీఆర్‌లో, అంటే పోస్టింగ్ ఇవ్వకుండా వేకెన్సీ రిజర్వులో, పెట్టారంటే కుర్చీ కూడా ఉండదు, జీతం వస్తుందంతే. స్టేషన్ కావాలంటే స్థానిక నాయకుడి లెటర్ ఉండాలని డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడికీ తెలుసు. అలాంటి లెటర్ ఏ చట్టంలోనూ ఏ మాన్యువల్‌లోనూ లేదు. లేని కాగితానికే ఎక్కువ విలువ.

నేను పనిచేసిన ఒక స్టేషన్ గోడకు చెక్క బోర్డు ఉండేది. అంతకుముందు పనిచేసిన ఎస్సైల పేర్లు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. పేర్లు వదిలేసి తేదీలు చదివితే ఆ నియోజకవర్గంలో ఎన్నికలు ఎప్పుడు జరిగాయో, ఎవరు గెలిచారో ఊహించవచ్చు. ఒకాయన పేరు పక్కన రెండు తేదీల మధ్య పందొమ్మిది రోజులే. పాపం, పెయింటర్‌కు ఇచ్చిన డబ్బులు కూడా దండగ.

దీనికి మందు తెలియక కాదు. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ 1981 నాటికి ఎనిమిది నివేదికలు ఇచ్చింది. అవి అటకెక్కాయి. రిటైరైన డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్తే తీర్పు 2006 సెప్టెంబరు 22న వచ్చింది. డీజీపీ నుంచి స్టేషన్ ఆఫీసర్ దాకా కనీసం రెండేళ్లు ఒకచోట ఉంచాలి, డీఎస్పీ, ఆ కింది స్థాయి బదిలీలు అధికారుల బోర్డు చూడాలి, పోలీసుల మీద ఫిర్యాదులకు రాష్ట్రంలోనూ జిల్లాలోనూ విడిగా అథారిటీ ఉండాలి అని చెప్పింది. ఆ తర్వాత పార్టీలు ఎన్నిసార్లో మారాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆ తీర్పు గుర్తున్నవాళ్లకు గెలిచాక గుర్తుండలేదు.

ఒక్క సమయంలో మాత్రం తేడా కనిపించేది. ఎన్నికల నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా, ఎన్నికల పనిలో ఉన్న పోలీసులు ప్రజా ప్రాతినిధ్య చట్టం 28ఏ ప్రకారం ఎన్నికల సంఘం కింద డెప్యుటేషన్‌లో ఉన్నట్టు లెక్క. అప్పుడు పని మూడింతలయ్యేది, ఫోన్లు తగ్గేవి. నాకు సర్వీసులో హాయిగా నిద్రపట్టిన రాత్రులు అవే.

ప్రశ్న: మావాడు ఒక నాయకుడి మీద కార్టూన్ షేర్ చేశాడు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి “వెంటనే రా” అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. వెళ్లాలా?
- ఒక తండ్రి

జవాబు: “నోటీసు ఇవ్వండి సార్, తప్పకుండా వస్తాను” అని చెప్పమనండి. గొంతు పెంచకుండా చెప్పమనండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేనప్పుడు నాగరిక సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో దాన్నే 41ఏ నోటీసు అనేవాళ్లం. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందాక మాత్రం వెళ్లి తీరాలి. వెళ్లకపోవడం అరెస్టుకు మనమే దారి ఇవ్వడం. లాయరును వెంటబెట్టుకుని వెళ్లండి.

కార్టూన్లకూ పాటలకూ పెట్టే కేసుల్లో చాలావాటికి శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటిలో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ముందస్తు విచారణ చేసుకోవడానికి 173(3) వీలిస్తుంది. 2025 మార్చిలో ఒక ఎంపీ పోస్టు చేసిన కవిత్వం మీద పెట్టిన కేసును కొట్టేస్తూ, ఇలాంటి మాటల కేసుల్లో ఆ విచారణ చేసుకోవడమే తగిన పద్ధతి అని సుప్రీంకోర్టు అంది. కాగితంలో ఐటీ చట్టం 66ఏ అన్న నంబరు గానీ కనిపిస్తే వెంటనే లాయరుకు చూపించండి. 2015లోనే కొట్టేసిన సెక్షన్ అది. ఆ తర్వాత కూడా దాని కింద కేసులు కడుతున్నారని 2021లో సుప్రీంకోర్టే నివ్వెరపోయింది.

కార్టూన్ బాగుందా లేదా అన్నది నన్ను అడగలేదు, బతికిపోయాను.

ప్రశ్న: మా మేనల్లుడు కానిస్టేబుల్. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ తన అభిమాన నాయకుడి ఫొటో. తప్పా?
- ఒక మేనమామ

జవాబు: తప్పే. ప్రవర్తనా నియమాలు పార్టీ రాజకీయాలు ఒప్పుకోవు. ఓటు వేసుకోమనండి, ఫొటో తీసేయమనండి. రేపు ఆ నాయకుడి మనిషి మీద ఎవరైనా ఫిర్యాదు తెస్తే, మీవాడి స్టేటస్ చూశాక వాళ్లు స్టేషన్ గుమ్మం ఎక్కుతారా?

ప్రశ్న: అయిదేళ్లు మామీద దొంగ కేసులు పెట్టి తిప్పారు. ఇప్పుడు మా పార్టీ గెలిచింది. మా కేసులు ఎత్తేయించుకోవచ్చా? వాళ్లమీద పెట్టించాలంటే ఎలా?
- ఒక కార్యకర్త

జవాబు: మొదటిదానికి దారి ఉంది. నాగరిక సురక్షా సంహిత 360 కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరణకు కోర్టును అడగొచ్చు. జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు, కోర్టు ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు బాధితుడి మాట వినాలని కొత్త చట్టంలో చేర్చారు. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. మీ నాయకుడికి ఆ హైకోర్టు దాకా వెళ్లే లాయరున్నాడు. మీరు మాత్రం వాయిదా రోజు పని మానుకుని కోర్టు వరండాలో నిలబడాలి. గెలిచిన మర్నాడు జీవో లిస్టులో మీ నంబరు ఉందో లేదో చూసుకోండి. చాలామంది చూసుకోరు.

రెండోది నన్ను అడగడమేమిటి తమ్ముడూ! దొంగ కేసు ఎలా ఉంటుందో అయిదేళ్లు అనుభవించినవారు మీరు. కావాలని తప్పుడు కేసు పెట్టిస్తే న్యాయ సంహితలో 248 ఉంది, పోలీసులకు తప్పుడు సమాచారమిస్తే 217 ఉంది. అదలా ఉంచండి. మీరు పెట్టించబోయే కేసులో ఏ1 ఎవరో ఒకసారి అనుకోండి. అవతలి పార్టీ ఎమ్మెల్యే అయితే కాడు. మీలాగే జెండా కట్టిన, మీ వయసు కుర్రాడు.

ప్రశ్న: ఇన్ని నీతులు చెబుతున్నారు. సర్వీసులో ఉన్నప్పుడు మీరు ఒక్క తప్పు రాత కూడా రాయలేదా?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: రాశాను.

అప్పటికి స్టేషన్లకు కంప్యూటర్లు రాలేదు. క్రైమ్ నంబరు మేమే వేసేవాళ్లం. కౌంటింగ్ అయిన రాత్రి ఓడినవాళ్ల ఇళ్ల ముందు టపాసులు కాల్చారు, గొడవైంది. ఓడినవైపు నుంచి ఒక పెద్దాయన తలకు తువ్వాలు చుట్టుకుని తొమ్మిదింటికి వచ్చాడు. నేను పుస్తకం తెరిచాను. ఈలోగా ఎస్సై గారికి ఫోన్ వచ్చింది. ఆయన బయటికి వచ్చి నా చెవిలో ఒక్క మాట అన్నారు. “ఒక నంబరు వదిలెయ్.”

వదిలాను. గెలిచినవాళ్లు పదకొండున్నరకు వచ్చారు. వాళ్ల ఫిర్యాదు ఆ ఖాళీ నంబరులో ఎనిమిదిన్నర టైముతో రాశాను. పెద్దాయన బెంచీ మీదే ఉన్నాడు. మూడుసార్లు లేచి వచ్చి “బాబూ, నాది రాస్తున్నావా?” అని అడిగాడు. “రాస్తున్నా, కూర్చోండి” అన్నాను. అప్పుడు నేను రాస్తున్నది ఆయన్ను ఏ1గా చూపించే కాగితం.

ఇప్పుడు నంబరు కంప్యూటరే ఇస్తుంది కాబట్టి ఆ పని అంత సులువు కాదు. అప్పుడు చాలా సులువు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కేసు ఆరేళ్లు నడిచి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆయన వాయిదాలకు వచ్చినప్పుడల్లా నాకు నమస్కారం పెట్టేవాడు, ఆ రాత్రి కూర్చోమన్నందుకు కాబోలు.

ఎవరూ నన్ను అడగలేదు. రికార్డులు నీట్‌గా ఉంచానని ఆ ఏడాది నాకు గుడ్ సర్వీస్ ఎంట్రీ ఇచ్చారు.