పరమాణువంత పలుచని పొరల్లో పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. ద్విమితీయ పదార్థాల్లో ఎలక్ట్రాన్ల సహసంబంధం, అయస్కాంతత్వంపై పరిశోధన చేస్తానంటోంది. దానికి భవిష్యత్తు ఉందా? డేటా సైన్స్‌లో చేర్పించడం మేలా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది గాలిమేడ కాదు. స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్లలోని చిట్టి అయస్కాంతాలు, ఏ దిక్కుకైనా ఒకేలా తిరగగలిగే పలుచని పొరలో ఉష్ణ చలనం వాటి వరుసను, దాంతో పాటే అయస్కాంతత్వాన్ని, చెరిపేస్తుందని 1966లో భౌతిక శాస్త్రవేత్తలు మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. అయితే స్ఫటికం ఏదో ఒక దిక్కుకు మొగ్గితే ఆ అడ్డంకి తొలగిపోతుంది. క్రోమియం ట్రై అయొడైడ్ ఒంటి పొర సుమారు 45 కెల్విన్ల కింద అయస్కాంతంగా నిలుస్తుందని 2017లో ప్రయోగంలో తేలింది. మరుసటి ఏడాది రెండు గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్) పొరలను దాదాపు 1.1 డిగ్రీల మెలికతో పేర్చినప్పుడు, ఎలక్ట్రాన్లు మందగించి పరస్పర వికర్షణ పైచేయి అయ్యే ఆ అమరికలో అతివాహకత, అంటే నిరోధమే లేకుండా విద్యుత్తు ప్రవహించడం, కనిపించింది. ఒక్కో ఎలక్ట్రాన్‌ను విడిగా లెక్కిస్తే అంతుపట్టని ఇలాంటి ప్రవర్తనే సహసంబంధం.

45 కెల్విన్లంటే మైనస్ 228 డిగ్రీల సెల్సియస్; ఆ పొర అంత చలిలోనే అయస్కాంతంగా ఉంటుంది కనుక, ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు రేపే వస్తాయని నేను చెప్పను. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి మామూలుగా ఐదేళ్లు పడతాయి. ఆ మొదటి రెండేళ్లు అమ్మాయి సంపాదన లేకుండా ఇల్లు గడుస్తుందా అన్నదే మీరు తేల్చుకోవలసిన లెక్క, ఎందుకంటే తర్వాత జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైగా ఇంటి అద్దె భత్యం అందుతాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. కంది ఐఐటీ, గోపన్‌పల్లిలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ కూడా ఊరి పొలిమేరల్లోనే ఉన్నాయి.

అసలు తేలవలసింది ప్రయోగమా, సిద్ధాంతమా అన్నది. గాలి తగిలితే పాడయ్యే రేకులను గ్లవ్ బాక్సులో (గాలి చొరబడని పెట్టెలో) ఒక్కొక్కటిగా ఒలిచి, మైక్రోస్కోపు కింద వెతికి, నెలల తరబడి వైఫల్యాన్ని భరించే ఓపిక ఒక దారి. క్వాంటం మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ గట్టిగా చదివి, ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను లెక్కలోకి తీసుకునే హబ్బర్డ్ నమూనా వంటి వాటిని కంప్యూటర్‌పై లెక్కించడం మరో దారి. ఈ రెండో దారిలో వంటబట్టే ప్రోగ్రామింగుతో తర్వాత డేటా సైన్స్‌లోకి వెళ్లడం కష్టం కాదు, అటునుంచి ఇటు రావడమే కష్టం. ఈ వేసవిలో ఏదైనా ప్రయోగశాలలో నెలా రెండు నెలల ప్రాజెక్టు చేయనివ్వండి, తర్వాత ఈ దారుల్లో తనకేది కావాలో ఆమెనే అడగండి.