హోవార్డ్‌లో తొలి వారం: అమ్మాయి ఫోను మాటల్లో ఏది పట్టించుకోవాలి?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా మేరీల్యాండ్‌లో ఉంటున్నాం. మంచి స్కాలర్‌షిప్పు రావడంతో మా అమ్మాయి వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో బయాలజీ కోర్సులో చేరింది. తర్వాత మెడిసిన్ చదవాలని దాని కోరిక. చేరి వారం అయింది. అక్కడ అందరూ ఒకరికొకరు ఎప్పటినుంచో తెలిసినవాళ్లలా ఉన్నారని, తానొక్కతే బయటి మనిషినని రోజూ రాత్రి ఫోన్ చేసి చెబుతోంది. ‘నువ్వు ఈ కాలేజీకి ఎందుకు వచ్చావు?’ అని రూమ్‌మేట్ అడిగిందట. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ముందు సగం రోజు క్యూలో నిలబడిందట. శాకాహారి కావడంతో తిండికీ ఇబ్బందిగానే ఉంది. స్టేట్ యూనివర్సిటీ సీటు వదులుకుని నల్లజాతి వారి కాలేజీకి ఎందుకు పంపారు, ఇప్పుడైనా మార్పించండి అని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయిని ఇప్పుడు మార్పించవద్దు. ఈ సెమిస్టర్ పూర్తయ్యే దాకా ఆ మాటే ఇంట్లో ఎత్తవద్దని నా సలహా. అలాగని ఆమె చెబుతున్నవన్నీ కొత్తలో ఉండే బెంగ అని కొట్టిపారేయకండి. వాటిలో కొన్ని వాటంతట అవే సర్దుకుంటాయి, ఒకటి రెండింటిని ఈ వారంలోనే చక్కబెట్టాలి, ఇంకొకటి మాత్రం మీరు, మీ అమ్మాయి కలిసి నిదానంగా ఆలోచించవలసిన సంగతి.

ముందు ఆ మూడోదాని గురించి చెబుతాను. రూమ్‌మేట్ అడిగిన ప్రశ్నలో నాకు వెటకారం కనిపించలేదు. అక్కడ చేరే చాలామంది పిల్లలు బడిలో పన్నెండేళ్లూ క్లాసులో ఒక్కరే నల్లజాతి విద్యార్థిగానో, ఇద్దరు ముగ్గురిలో ఒకరిగానో చదివి వచ్చినవారు. అమ్మమ్మ, మేనత్త, తండ్రి అదే ప్రాంగణంలో చదివిన కుటుంబాల నుంచి వచ్చేవారూ ఉంటారు. తమలాంటి వారే నిండిన చోట జీవితంలో మొదటిసారి ఊపిరి పీల్చుకుంటున్న పిల్లకు, పక్క మంచం మీద ఒక తెలుగమ్మాయి కనిపిస్తే, ఈమెను ఇక్కడికి ఏది తీసుకొచ్చిందో తెలుసుకోవాలనిపించడం సహజం. స్కాలర్‌షిప్పు కోసం వచ్చానని చెప్పడంలో తప్పు లేదు, కానీ నాలుగేళ్లు ఉండబోయే చోటు గురించి అంతకు మించి చెప్పగలగాలి. ఆ జవాబును మీ అమ్మాయి వెతుక్కోవాలి, అందుకు కావలసిన చరిత్ర మీ ఇంటికి దగ్గరలోనే ఉంది.

హోవార్డ్ 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్లకే, అమెరికన్ కాంగ్రెస్ ఇచ్చిన చార్టర్ (స్థాపన అధికార పత్రం)తో ఏర్పడింది. మీ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పుట్టిన నల్లజాతి న్యాయవాది థర్గుడ్ మార్షల్‌కు సొంత రాష్ట్రపు లా స్కూల్ తలుపులు మూసి ఉండటంతో ఆయన ఇక్కడ చేరి 1933లో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. తర్వాత తన గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్‌తో కలిసి వాదించిన కేసుతోనే 1936 నాటికి మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం లా స్కూల్‌లో నల్లజాతి విద్యార్థికి ప్రవేశం ఖాయమైంది. మీ బంధువులు చెబుతున్న స్టేట్ యూనివర్సిటీ ఇదే అయితే, దాని లా స్కూల్ తలుపులు తెరిపించినవారు హోవార్డ్‌లో తయారయ్యారని వారికి చెప్పండి. 1954లో బడుల్లో జాతి వివక్షను కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పు వెనుకా మార్షల్ ఉన్నారు. ఆ పోరాటాలు తెచ్చిన మార్పు గాలిలోనే 1965లో వలస చట్టం మారి, మన దేశంవారు పెద్ద సంఖ్యలో అమెరికా రావడానికి దారి ఏర్పడింది. మేరీల్యాండ్‌లో మీ ఇల్లు నిలబడటంలో ఈ ప్రాంగణానికీ కొంత పాత్ర ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

భారతదేశంతో సంబంధం అంతకన్నా పాతది. అక్కడి ప్రార్థనా మందిరం ర్యాంకిన్ చాపెల్‌కు డీన్‌గా ఉన్న హోవార్డ్ థర్మన్ 1936లో భార్య స్యూ బెయిలీ థర్మన్‌తో బార్డోలీకి వెళ్లి గాంధీజీని కలిశారు. అహింసా సందేశం నల్లజాతి అమెరికన్ల ద్వారానే ప్రపంచానికి అందవచ్చునని గాంధీజీ అన్నది ఆ సమావేశంలోనే. యూనివర్సిటీ అధ్యక్షుడు మోర్డెకై జాన్సన్ భారతదేశం చూసి వచ్చి 1950లో ఫిలడెల్ఫియాలో గాంధీజీ గురించి ప్రసంగిస్తే, విన్నవారిలో యువకుడైన మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నారు. తానక్కడ బయటి మనిషినని అనుకుంటున్న అమ్మాయికి ఈ సంగతులు తెలియాలి. కమలా హ్యారిస్ 1986లో అక్కడే డిగ్రీ పూర్తి చేశారని మీకు తెలిసే ఉంటుంది. అయితే ఆమె తండ్రి జమైకా నుంచి వచ్చిన నల్లజాతి వ్యక్తి కాబట్టి, ఆమెతో పోల్చి మీ అమ్మాయి మీద బరువు పెట్టకండి.

ఇక రోజువారీ సంగతులు. కొత్త విద్యార్థుల సభలో ఎవరో ‘హెచ్ యూ!’ అని కేక వేస్తే హాలంతా ‘యూ నో!’ అని బదులిస్తుంది. ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసినట్టు కనిపించే ఆ కేకను చాలామంది అదే వారంలో, పక్కవారిని చూసి నేర్చుకుంటారు. మీ అమ్మాయీ గొంతు కలపవచ్చు, ఎవరూ అభ్యంతరం పెట్టరు. హోవార్డ్ వంటి చారిత్రక నల్లజాతి విద్యాసంస్థలు అన్ని జాతుల వారికీ తెరిచే ఉన్నాయి, దేశం మొత్తం మీద వాటిలో చదివేవారిలో దాదాపు నాలుగో వంతు ఇతరులే. పాటలకు అందరూ వరుసల్లో నిలబడి ఒకే అడుగు వేస్తున్నప్పుడు చివరి వరుసలో చేరి తడబడుతూ నేర్చుకోమనండి.

అయితే కలిసిపోవడానికీ చొరవ మితిమీరడానికీ మధ్య గీత ఒకటి ఉంది. ‘యార్డ్’ అని పిలిచే మధ్య మైదానంలో ఒక్కో సొరోరిటీకి (విద్యార్థినుల సంఘం), ఫ్రెటర్నిటీకి (విద్యార్థుల సంఘం) సొంతంగా చెట్టు, చోటు ఉంటాయి. 1908లో అక్కడే పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫా వంటి సంఘాల వారికి ఆ చోటు ఎంతో గౌరవనీయం, అందులోకి నడవకూడదు. తోటి అమ్మాయి జడలు ఎంత ముచ్చటగా ఉన్నా చేయి వేసి చూడకూడదు. పాటల్లో తరచూ వినిపించే, నల్లజాతి వారిని కించపరచడానికి వాడుతూ వచ్చిన ‘ఎన్’ అక్షరపు మాటను వాళ్లు తమలో తాము అనుకుంటారేమో గానీ, మీ అమ్మాయి నోట, పాట పాడుతూ కూడా, రాకూడదు. ఇవి మొదటి వారంలోనే తెలిస్తే స్నేహాలు తొందరగా కుదురుతాయి.

తిండి విషయంలో ఒక జాగ్రత్త. దక్షిణాది పద్ధతిలో వండే కొలార్డ్ ఆకుకూర చూడటానికి మన తోటకూర వేపుడులా ఉన్నా, దానిలో పొగబెట్టిన టర్కీ మాంసమో పంది మాంసమో వేసి ఉడికించడం మామూలు. వడ్డించేవారిని అడగకుండా ఆకుకూరే కదా అని తినవద్దనండి. డైనింగ్ విభాగానికి తన ఆహార నియమాన్ని రాసి ఇవ్వాలి. మీరు దగ్గరలోనే ఉన్నారు కాబట్టి పొడులు, పచ్చళ్లు పంపవచ్చు, అయితే వాటితో గదిలోనే కూర్చుని తినే అలవాటు కాకుండా చూడండి. మొదటి నెల స్నేహాలు ఎక్కువగా భోజనాల బల్ల దగ్గరే కుదురుతాయి.

ఈ వారంలోనే తేల్చవలసింది ఆ క్యూ సంగతి. ఖాతా మీద ‘హోల్డ్’ (తాత్కాలిక నిలుపుదల) ఉంటే రిజిస్ట్రేషన్‌కు అడ్డం పడవచ్చు. స్కాలర్‌షిప్పు ఖాతాలో జమ అయిందా, ఏదైనా పత్రం మిగిలిందా అన్నది అమ్మాయే స్వయంగా కనుక్కుని, మాట్లాడిన ఉద్యోగి పేరు, తేదీ రాసుకుని, అదే విషయాన్ని ఈమెయిల్‌లో కూడా పంపాలి. ఆమె సంతకం చేసిన అనుమతి లేకుండా యూనివర్సిటీ సాధారణంగా తల్లిదండ్రులతో రికార్డుల గురించి మాట్లాడదు కాబట్టి, ఆ అనుమతి పత్రం కూడా ఇప్పుడే ఇప్పించుకోండి. కార్యాలయాల జాప్యం, హాస్టళ్ల స్థితి అక్కడి విద్యార్థులే లేవనెత్తిన సమస్యలు. 2021లో హాస్టళ్ల గురించి అక్కడి విద్యార్థి కేంద్రమైన బ్లాక్‌బర్న్ సెంటర్‌లో నెలకు పైగా బైఠాయించారు. గదిలో బూజు, నీటి కారుడు వంటివి కనిపిస్తే ఫోటో తీసి వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమనండి, మొహమాటపడితే నష్టం ఆమెకే.

మెడిసిన్ లక్ష్యం విషయంలో మీ బంధువుల భయానికి ఆధారం లేదు. హోవార్డ్ మెడికల్ కాలేజీ 1868 నుంచి నడుస్తోంది, ఆసుపత్రి ప్రాంగణం పక్కనే ఉంది, 2025లో ఆ యూనివర్సిటీకి అత్యున్నత పరిశోధనా స్థాయి అయిన ఆర్-1 గుర్తింపు వచ్చింది. మెడిసిన్‌కు సిద్ధమయ్యేవారికి దారి చూపే ప్రీమెడ్ సలహాదారును ఈ నెలలోనే కలవాలి. బయాలజీ, కెమిస్ట్రీ రెండింటిలోనూ మొదటి సెమిస్టర్ గ్రేడ్లు చివరి దాకా లెక్కలోకి వస్తాయి కాబట్టి ట్యూటరింగ్‌కు మొదటి పరీక్ష రాకముందే వెళ్లాలి. వీలుంటే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర కోర్సు ఒకటి తీసుకోమనండి. రూమ్‌మేట్‌తో ఆమె మాటలు అక్కడి నుంచి ముందుకు సాగుతాయి.

మీకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘నల్లవాళ్ల కాలేజీ’ అని మన ఇళ్లలో దొర్లే చులకన మాటలను అమ్మాయి ఫోనులో వింటూనే ఉంటుంది. పగలంతా ఆ పిల్లలతో కలిసి చదివి, రాత్రి వారిని తక్కువ చేసే మాటలు వినవలసి వస్తే, ఎక్కడా ఇమడలేక నలిగిపోయేది ఆమే. బంధువులకు మీరే జవాబు చెప్పండి, ఆమెను చెప్పుకోనివ్వకండి. అక్టోబరులో పూర్వ విద్యార్థులు తిరిగి వచ్చే హోమ్‌కమింగ్ వేడుకకు మీరిద్దరూ వెళ్లి, ఆమె రూమ్‌మేట్ కుటుంబాన్ని కలిసి రండి. డిసెంబరులో గ్రేడ్లు వచ్చాక, ఇద్దరు మంచి స్నేహితులు, పేరుతో పలకరించే ప్రొఫెసర్ ఒకరు ఉన్నారేమో అడగండి. అప్పటికీ లేరని చెబితే, స్కాలర్‌షిప్పు షరతులు, బదిలీ అయ్యే క్రెడిట్లు చూసుకుని నాకు మళ్లీ రాయండి.