కథల్లో ఊరికి ఏ కష్టమొచ్చినా నింద బయటివాడి మీదే ఎందుకు పడుతుంది?

అతని తరఫున పోట్లాడేవాళ్ళు ఉండరు కాబట్టి. అదే ఊరివాడి మీద వేస్తే, అతని చుట్టాలు ఊరుకోరు, పగ రాజుకుంటుంది. బైబిల్ పాత నిబంధనలో చెప్పిన ఆచారం ప్రకారం, జనం పాపాలన్నీ ఒక మేక తల మీద మోపి ఎడారిలోకి తోలేసేవారు. కథల్లో ఆ మేక బదులు మనిషి ఉంటాడు, అంతే.

1942లో వచ్చిన ఆల్బేర్ కామూ ఫ్రెంచి నవల 'ద స్ట్రేంజర్' చూడండి. కథానాయకుడు మెర్సో ఒక అరబ్బును హత్య చేసిన మాట నిజమే, అమాయకుడేం కాదు. కానీ కోర్టుకి అంతకంటే పెద్ద నేరాలు దొరుకుతాయి: తల్లి శవపేటిక దగ్గర సిగరెట్ కాల్చాడు, పాలు కలిపిన కాఫీ తాగాడు, ఏడవలేదు. మరణశిక్ష పడటంలో ఆ కాఫీకీ వాటా ఉంది. ఇక చనిపోయిన అరబ్బుకైతే నవలలో పేరే లేదు. నన్నడిగితే అసలు బయటివాడు అతనే.