ప్రొబేషన్ ఆఫీసుకు పెద్దను ఎంచుకోబోతున్న మేనల్లుడికి

అనంతపురం

నాయనా,

నువ్వు పంపిన ప్రకటన ముసాయిదా చదివాను. ఫోన్‌లో చెబితే సగం మాటలు గాలికి పోతాయని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. మీ కమిటీ వాళ్ళకూ చూపించు.

మీ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు వచ్చి, కడపలో కోర్టులకు ప్రొబేషన్ అధికారులను మీరు ఇవ్వగలిగితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కమిటీలో కొత్తవాళ్ళ కోసం ఒక మాట: తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, మంచిగా ఉంటానని బాండు రాయించుకుని కోర్టు వదలడమే ప్రొబేషన్. అతని సంగతులు కనుక్కుని కోర్టుకు నివేదిక ఇచ్చేది, వదిలాక కనిపెట్టుకుని ఉండేది ప్రొబేషన్ అధికారి. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో 13వ సెక్షన్ మీకు ఆ దారి తెరిచే ఉంచింది. ప్రభుత్వం వేసిన అధికారే కాదు, ప్రభుత్వం గుర్తించిన సంస్థ పంపిన మనిషి కూడా ఈ పని చేయొచ్చు. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, అది మీ ప్రకటనలో కనబడలేదు. ఆ అధికారి తన విధుల వరకు జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారి అదుపులో ఉండాలి. జీతం మీరిస్తారు, అదుపు కలెక్టరుది, నివేదిక అడిగేది కోర్టు. ఇంటర్వ్యూకు వచ్చేవాళ్ళకు ఈ సంగతి మొదటే చెప్పండి. చేరాక తెలిసిందంటే ఆర్నెల్లు తిరక్కుండానే వెళ్ళిపోతారు.

ఇక అసలు విషయం. ‘డైనమిక్ లీడర్ కావాలి, పదిహేనేళ్ళ మేనేజ్‌మెంట్ అనుభవం ఉండాలి, ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడాలి’ అని రాశారు. ఊళ్ళు తిరగాలని ఒక్క ముక్క లేదు. అది చూశాకే నాకు మనసు ఆగలేదు.

నేను ప్రొబేషన్ అధికారిగా చేరిన కొత్తలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెకు వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళ అబ్బాయి, బోరు మోటారుకున్న కేబుల్ వైరు కోసుకుపోయి గుజిరీ అంగడిలో అమ్మాడు. ఇరవై ఒక్క ఏళ్ళ లోపువాడు కాబట్టి జైలుకు పంపే ముందు కోర్టు మన నివేదిక తెప్పించుకోవాలి, 6వ సెక్షన్ ప్రకారం. నేను పోయి రచ్చకట్ట మీద కూర్చున్నాను. నలుగురు పెద్దమనుషులు చెప్పింది రాసుకున్నాను. టీ తాగాను, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాను. ‘చెడు సావాసం, ప్రవర్తన మంచిది కాదు, ఇంట్లో మాట వినడు’ అని నివేదిక రాసి మా పై అధికారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపారు: ‘ఇల్లు చూశావా?’

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి సాయంత్రం పూట, పొయ్యి వెలిగించే వేళకు. ఒకటే గది. వాళ్ళమ్మ గడప లోపల కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంది, గోరు చివర చిట్లి రక్తం గుడ్డకు అంటి ఎండిపోయింది. మూలన మంచంలో ముసలామె. దంతె మీద ప్లాస్టిక్ కవర్లో మూడు బోర్ల రసీదులు. మూడూ ఎండిపోయినవే. తండ్రి బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి ఏడాదైంది, డబ్బు రావడం ఆగిపోయింది. ‘ముసలిదానికి మందులు తేవాల్సి వచ్చింది’ అని ఆ తల్లి తలెత్తకుండా చెప్పింది. చేతులు మాత్రం ఆగలేదు.

రచ్చకట్ట మీద నాకు సమాచారం ఇచ్చిన నలుగురిలో ఒకాయన వైరు పోగొట్టుకున్న రైతుకు వియ్యంకుడని కూడా ఆ రెండో రోజే తెలిసింది. ఆ అబ్బాయి తప్పు చేయలేదని నేననడం లేదు. ఆ రైతుకూ నష్టమే జరిగింది. రెండో నివేదికలో రెండూ రాశాను. కోర్టు బాండు మీద వదిలింది, రైతుకు నష్టపరిహారం కట్టమంది. కంతులుగా కట్టించే బాధ్యత నేను చూసుకున్నాను. మొదటి నివేదికే వెళ్ళి ఉంటే నా మాట మీద ఆ పిల్లవాడు జైలుకు పోయేవాడు. ఇన్నేళ్ళయినా నాకది మరుపుకు రాదు.

మీరు వెతకాల్సింది ఆ ఎర్ర సిరా మనిషిని. కింది ఉద్యోగి రాసిన ప్రతి నివేదికా చదివేవాణ్ణి, ఇల్లు చూడకుండా రాస్తే పసిగట్టగలవాణ్ణి. మగవాళ్ళేనని కాదు, ఆడవాళ్ళ దరఖాస్తులు కూడా బాగా చూడండి. తల్లులు మాతో చెప్పుకున్న మాటలు చాలాసార్లు మగ అధికారులతో చెప్పుకోలేదు.

ఆ గుణం ఇంటర్వ్యూలో మాటలతో బయటపడదు. అందుకని ఇలా చేయండి. పాత నివేదికల్లోంచి పేర్లు, ఊర్లు తీసేసి రెండు సిద్ధం చేయండి, ఒకటి ఇల్లు చూసి రాసింది, ఒకటి చూడకుండా రాసింది. అభ్యర్థికి ఇచ్చి, గంటసేపు ఒంటరిగా వదిలేసి, ‘కింది ఉద్యోగికి మీరేం రాసి పంపుతారు’ అని అడగండి. భాష దిద్దేవాళ్ళు ఉంటారు, అక్షరదోషాలు పట్టేవాళ్ళు ఉంటారు. ‘తండ్రి గురించి ఒక్క ముక్క లేదేం? ఈ మాట ఎవరు చెప్పారు?’ అని అంచున రాసేవాళ్ళు ఒకరిద్దరే దొరుకుతారు. వాళ్ళను మళ్ళీ పిలవండి.

రెండో విడతలో ఒక్క ప్రశ్న చాలు. మన సీమకు సరిపోయే ప్రశ్న: ‘బాండు మీద ఉన్న అబ్బాయి రెండు నెలలుగా ఆఫీసుకు రావడం లేదు. వానల్లేక కుటుంబమంతా బెంగళూరుకు వలస పోయిందని విన్నారు. ఏం చేస్తారు?’ షరతు తప్పితే 9వ సెక్షన్ కింద కోర్టు వారెంటు ఇవ్వొచ్చు, సమన్లు ఇవ్వొచ్చు. మొదటి తప్పుకు యాభై రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టి బాండు కొనసాగించే వీలూ ఉంది, అసలు శిక్ష వేసే వీలూ ఉంది. వెంటనే వారెంటు అనేవాడికి చట్టం సగమే తెలుసు. ‘పోనీలెండి, పొట్టకూటికి పోయాడు కదా’ అని ఊరుకునేవాడు ఇంకా ప్రమాదం, రేపు కోర్టు మీ నివేదికలను నమ్మదు. ముందు వెతికి, మాట్లాడి, నిజంగా పని కోసమే పోయాడని తేలితే షరతులు మార్చమని 8వ సెక్షన్ కింద తానే కోర్టుకు దరఖాస్తు పెడతాననేవాడు మీకు కావాల్సినవాడు. ఆ దరఖాస్తు ప్రొబేషన్ అధికారి పెట్టొచ్చని చట్టంలో ఉన్నా, నా సర్వీసులో అది వాడినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పిల్లల కేసుల సంగతి వేరే అడగండి. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో, పిల్లవాణ్ణి జువైనల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించే బోర్డు) ముందుకు మొదటిసారి తెచ్చిన రోజు నుంచి పదిహేను రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ముగ్గురే అధికారులుండి ఒకే వారం పది కేసులు వస్తే పని ఎలా పంచుతారో కాగితం మీద రాయించండి.

రిటైరైన పోలీసు అధికారులు తప్పకుండా దరఖాస్తు పెడతారు. కాదనొద్దు, వాళ్ళలో మంచివాళ్ళను చూశాను. కానీ మనిషిని స్టేషన్‌కు రప్పించుకునే అలవాటు పోయిందా లేదా చూసుకోండి. ప్రొబేషన్‌లో మనమే వాళ్ళ గడప దగ్గరికి పోవాలి. 1841లో బోస్టన్ కోర్టులో ఒక తాగుబోతుకు తన సొంత పూచీ ఇచ్చి విడిపించుకుపోయి, మనిషిగా నిలబెట్టి మళ్ళీ కోర్టుకు తెచ్చిన జాన్ అగస్టస్ చెప్పులు కుట్టే మనిషి. ఈ పని మొదలైంది అలాగే. అందుకే డిగ్రీల దగ్గర మరీ పట్టుబట్టొద్దంటాను. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంటే మంచిదే.

ఇంకో మాట, ఇది మన జిల్లాల్లో తప్పని మాట. పెద్దవాళ్ళ నుంచి ఫోన్లు వస్తాయి. ‘మావాడే, కాస్త మంచిగా రాయండి’ అని కొందరు, ‘వాడు ఎదుటి వర్గం, లోపలే ఉండనీ’ అని కొందరు. నివేదిక గోప్యమని 7వ సెక్షన్ చెబుతోంది. ఫోన్ పెట్టేశాక కింది ఉద్యోగి ముఖం చూసి, ‘నువ్వు చూసింది నువ్వు రాయి, మిగతాది నేను చూసుకుంటా’ అనగలడా? ఇది అభ్యర్థిని అడిగితే అందరూ ఔననే అంటారు. అతను పనిచేసిన చోట కింద పనిచేసినవాళ్ళను అడగండి. కోర్టులో బెంచ్ క్లర్కును అడగండి, నివేదికలు వాయిదాకు ముందు వచ్చేవా, వాయిదా రోజు పరుగెత్తుకుంటూ వచ్చేవా అని. సిఫారసు ఉత్తరాల కన్నా ఆ రెండు మాటలే నేను నమ్ముతాను.

జీతం మీ స్తోమతను బట్టి ఇవ్వండి. ప్రయాణ ఖర్చుల్లో మాత్రం పిసినారితనం వద్దు. జమ్మలమడుగు అవతలి పల్లెకు పోయి రావడానికి బస్సు, ఆటో డబ్బులు నెలల తరబడి రాకపోతే, ఎంత మంచి అధికారైనా ఒకరోజు రచ్చకట్ట దగ్గరే ఆగిపోతాడు. పెద్దగా వచ్చేవాళ్ళు కూడా నెలకు నాలుగిళ్ళకైనా స్వయంగా పోవాలని నియామక పత్రంలోనే రాయండి.

ప్రకటన తిరగరాసి పంపు, దిద్ది ఇస్తాను. ఇంటర్వ్యూ తేదీ వారం ముందు చెబితే పొద్దున బస్సుకు వస్తాను. నేను మార్కులు వేయను, పక్కన కూర్చుని వింటాను. నివేదికల్లో పేర్లు కొట్టేసే పని మాత్రం వేరేవాళ్ళకు అప్పగించకు. నువ్వే చెయ్యి, తండ్రి పేరు, ఊరి పేరు కూడా.

మీ అత్త