సగం డబ్బా మాత్రలు మిగిలాయి, వేసుకోనా?

ప్రశ్న: మిర్చి యార్డులో హమాలీని. సీజన్‌లో పని వదల్లేక కొన్ని నెలలుగా హెచ్‌ఐవీ మాత్రలు మానేశాను. సగం డబ్బా ఉంది. అవే మొదలుపెట్టనా? సెంటర్‌కి వెళ్తే తిడతారని టెన్షన్. – పాఠకుడు, గుంటూరు

జవాబు: సొంతంగా మొదలుపెట్టకండి. ఆ డబ్బా, పాత కార్డు పట్టుకుని ఏఆర్‌టీ సెంటర్‌కి (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) వెళ్లండి. నాలుగు మాటలన్నా పడండి, మందులు ఉచితమే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం దాచకుండా చెప్పండి. టీబీ ఉంటే ముందు దానికి మందులు మొదలుపెడతారు, డొలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు మోతాదూ మారుతుంది. రోగనిరోధక శక్తి ఎంత ఉందో చూపే సీడీ4 పరీక్ష తప్పనిసరి. చాలామందికి పాత మందులే మళ్లీ పనిచేస్తాయి. పనిచేస్తున్నదీ లేనిదీ కొన్ని నెలల తర్వాత వైరల్ లోడ్‌లో (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) తెలుస్తుంది. కుదురుగా వాడేవాళ్లకు ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇస్తారు. వచ్చే సీజన్‌కి ముందే అడగండి. సందేహముంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.