లోన్‌తో పాటు అంటగట్టిన పాలసీ మీ ఇంటికి కాదు, మీ ఆయనకు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2020లో 24 లక్షల హోమ్ లోన్‌తో ఇల్లు కట్టుకున్నాం. ముందు మడిగెలో మా ఆయన కిరాణం నడుపుతారు. లోన్ ఇచ్చేటప్పుడే బ్యాంకువాళ్లు 86 వేల ఇన్సూరెన్స్ కలిపారు. ఈ వానాకాలం మోరీ పొంగి ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కొట్లో బియ్యం బస్తాలు పాడయ్యాయి. ఒకవైపు ప్రహరీ కూలింది. కరెంటు వచ్చాక బోరు మోటారు కాలిపోయింది. బ్యాంకులో అడిగితే ఆ పాలసీ దీనికి వర్తించదన్నారు. తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాం. ఇంటి విలువ 70 లక్షలకు పాలసీ చేస్తే ఇకముందు బంగారంతో సహా అన్నీ వస్తాయని ఏజెంటు అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: చేయించండమ్మా. కానీ 70 లక్షలకు వద్దు, అన్నీ వస్తాయన్న మాట నమ్మి అసలే వద్దు.

బ్యాంకు కలిపిన ఆ 86 వేలు మీ ఆయన ప్రాణానికి కట్టిన ప్రీమియం. ఆయనకు ఏదైనా అయితే మిగిలిన లోన్ తీరుతుంది, అంతే. గోడ కూలినా, ఇల్లు కాలినా దానికి సంబంధం లేదు. ‘లోన్ ఇన్సూరెన్స్ ఉంది కదా’ అని ధీమాగా ఉన్నవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే, అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. ఒక పని వెంటనే చేయండి: లోన్ ఫైలంతా తిరగేయండి. కొన్ని బ్యాంకులు ఇంటికి విడిగా ఫైర్ పాలసీ (అగ్నిప్రమాదం, వరదలాంటి నష్టాలకు) కూడా చేయిస్తాయి, ఆ సంగతి ఇంటివాళ్లకే తెలియదు. అది ఉండి, వాన రోజుకు గడువు మిగిలి ఉంటే ఇప్పుడైనా క్లెయిమ్ పెట్టండి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

కొత్త పాలసీకి భారత్ గృహ రక్ష అడగండి, ఇంటికి, ఇంట్లో సామానుకు చేసే పాలసీ ఇది. 2021 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీలో తీసుకున్నా దాని ప్రధాన నిబంధనలు ఒకటే. ఇందులో స్థలం ఖరీదు లెక్కలోకి రాదు. కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల) 1,200 చదరపు అడుగులై, మళ్లీ కట్టడానికి అడుగుకు 2,000 అయితే పాలసీ 24 లక్షలకే. 70 లక్షలకు చేస్తే ప్రీమియం దండగ. ఇంట్లో సామానుకు అందులో 20 శాతం, అంటే 4.8 లక్షల దాకా కవర్ దానంతటదే వస్తుంది.

వరదకు కూలిన ప్రహరీకి వస్తుంది. ఫ్రిజ్ నీళ్లలో మునిగితే వస్తుంది, అదే ఫ్రిజ్ వోల్టేజీ ఎక్కువై కాలిపోతే రాదు. మోటారుదీ అదే కథ. మంట అక్కడినుంచి ఇంటికి అంటుకుంటే మాత్రం మిగతా నష్టానికి ఇస్తారు. ఏళ్ల తరబడి స్లాబు చెమ్మగిల్లినా, నాసిరకం కట్టుబడి వల్ల గోడలు బీటలు వారినా రాదు. వరదలాంటిది జరిగిన ఏడు రోజుల్లోపు ఇంట్లో దొంగలు పడితే ఇస్తారు, మామూలు దొంగతనానికి విడిగా కవర్ తీసుకోవాలి. బియ్యం బస్తాలు ఇంటి సామాను కాదు, కొట్టు సరుకు. దానికి వేరే పాలసీ ఉండాలి. ఫారంలో మడిగె సంగతి దాచొద్దు, రేపు నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసేది ముందు దాన్నే.

ఇక ఆ మూడు రూపాయల వడ్డీ. నెలకు 9 వేలు, ఏడాదికి 1,08,000! ఇంటి పాలసీ ఏడాది ప్రీమియం మీ ఒక్క నెల వడ్డీ కంటే తక్కువే ఉంటుంది. తెలిసినవాళ్లయినంత మాత్రాన వడ్డీ తగ్గుతుందా? బ్యాంకులో బంగారం కుదువపెడితే రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది, ఈ నెలలోనే ఆ అప్పు తీర్చేయండి. హోమ్ లోన్ మీదే అదనంగా ఇచ్చే టాప్ అప్ లోన్ జోలికి వెళ్లకండి, బోరు మోటారుకు పదిహేనేళ్లు ఈఎంఐ కట్టడమేంటి?

అసలు ఈ అప్పు ఎందుకు చేయాల్సి వచ్చింది? చేతిలో డబ్బు లేక. నన్నడిగితే పాలసీ కంటే ముందు సరిచేయాల్సింది ఇదే. ఎంత మంచి పాలసీ ఉన్నా సర్వేయర్ వచ్చి, కాగితాలు కదిలి డబ్బు పడేసరికి వారాలు పడుతుంది. ఈలోగా వంట ఆగదు, ఈఎంఐ ఆగదు. మోటారులాంటివి ఎలాగూ మన జేబులోంచే పెట్టుకోవాలి. ఈఎంఐతో కలిపి మీ ఇంటి ఖర్చు నెలకు 47 వేలనుకుంటే ఆరు నెలలకు 2.82 లక్షలు. మీరు తెచ్చిన అప్పు కూడా దాదాపు అంతే కదా! ఆ ఆరు నెలల ఖర్చు కూడబెట్టి, కొట్టు గల్లాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచండి. అది నిండేదాకా కొత్త చిట్టీ వేయొద్దు, ప్లాటు మాట ఎత్తొద్దు.

బంగారానికి ఈ పాలసీలో దానంతటదే కవర్ రాదు. విలువ కట్టించి, జాబితా ఇచ్చి, అదనపు ప్రీమియం కట్టాలి. కుదువపెట్టాక అది ఎలాగూ బ్యాంకులోనే ఉంటుంది కాబట్టి ప్రస్తుతానికి ఆ టెన్షన్ మీకు లేదు.