శుక్రవారం సాయంత్రం, చిన్న మార్పే

స్వాతీ,

సర్వర్లు ఎక్కడైనా పడిపోతాయి. మీ దగ్గర రాత్రి రెండింటికి పడిపోయిందంటే నాకేం ఆశ్చర్యం వేయలేదు. పొద్దున మీటింగ్‌లో మీ బాస్ నోట వచ్చిన మొదటి మాటే గుచ్చుకుంది: "ఎవరు చేశారిది?" అలా అడిగేచోట రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌ల్యాబ్‌లో, ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తీరా చూస్తే బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ అక్కరకు రాలేదు. చివరికి ఆదుకున్నది, దాదాపు ఆరు గంటల ముందు ఆ ఇంజనీరే వేరే పనికోసం తీసిపెట్టుకున్న కాపీ! సంస్థ జరిగిందంతా బయటపెట్టింది, బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో తవ్వి రాసింది. మీవాళ్లు మాత్రం దొంగను వెతుకుతున్నారు.

వాళ్లను మార్చేద్దామని బయల్దేరకు. ఆ ఓపిక నాకే లేకపోయింది. మీ లీడ్ శుక్రవారం సాయంత్రం "చిన్న మార్పే కదా, పంపించెయ్" అన్నప్పుడు గొడవ పెట్టుకోకుండా గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టు: "టెస్టులు లేకుండా ఈరోజే వదులుతున్నాం. తేడా వస్తే పాత వెర్షన్‌కి ఇలా వెళ్దాం." సగంసార్లు అది చదివి వాళ్లే సోమవారానికి వాయిదా వేస్తారు. వేయకపోయినా, పొద్దున ఆ ప్రశ్న వచ్చినప్పుడు నీ దగ్గర జవాబు ఉంటుంది.

ఇంకోటి, హీరోయిన్‌వి కాకు. బిల్లింగ్ కోడ్ నాకొక్కదానికే తెలుసని రెండేళ్లు మురిసిపోయాను. మా నాన్న ఆపరేషన్ రోజున ఆస్పత్రి వరండాలో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఇన్‌వాయిస్‌లు సరిచేస్తుంటే గాని నాకు బుద్ధి రాలేదు. లోపల డాక్టరు పిలుస్తుంటే "రెండు నిమిషాలు" అన్నాను. నీకు తెలిసింది పక్కవాడికి నేర్పు, రాసిపెట్టు. వాడు నేర్చుకోనంటే, ఆ సంగతీ రాసిపెట్టు.

ఉద్యోగం మానేయాలా వద్దా అని అడిగావు. చేతిలో ఆరునెలల ఖర్చులకు డబ్బుంటే ఆ ప్రశ్న సగం తేలికవుతుంది. ముందు అది చూసుకో. ఈలోగా తప్పు ఒప్పుకున్నవాణ్ణి మీవాళ్లు ఏం చేస్తారో గమనించు. నవ్వులపాలు చేస్తే రెజ్యూమె దుమ్ము దులుపు.

ఈ వారం ఒక్క పని చెయ్యి. మీ బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడు. శనివారం ఫోన్ చేసి, లేచిందో లేదో చెప్పు.

మీ పిన్ని